గాలికి గట్టు

పలమనేరు దాటాక బైరెడ్డిపల్లె బస్సులో
డ్రైవరు పక్కన గేరుపెట్టె మీద నా సంచీ.
మట్టికి పది కవర్లు, ఆకులకు పది,
పద్నాలుగు పేజీల ఫారం.
నా పని తనిఖీ.
సేంద్రియమని ఎవరైనా చెప్తే
కాదేమోనని అనుమానించడానికి నాకు జీతం.

ఆమె పేరు దాక్షాయణి.
రేషన్ కార్డులో ద్రాక్షాయణి అని పడిందట.
"దిద్దించుకోలా సామీ,
పేరుకు తగినట్టు తోటే పెట్టేసినా."
ఎకరంన్నర, బెంగుళూరు బ్లూ,
రాతికూసాల మీద తీగలు.
కింద ఎవరూ పీకని కసువు, అలసంద, ఉలవ,
నాకు పేరు తెలియని పసుప్పచ్చ పూలు.

ఆరో ప్రశ్న: ఎరువు ఎక్కడిది?
జవాబుకు గడ్డపార తెచ్చింది.
పందిరి మూలన మోకాలి లోతు తవ్వితే
కొమ్ము.
ఆశ్వయుజంలో పేడ కూరి పూడ్చిందట,
ఉగాదికి ముందర తీస్తుందట.
అరచేతిలో తట్టింది.
పేడ కాదది ఇప్పుడు,
కాఫీపొడి నలుపు, వాన తగిలిన అడివి వాసన.

"ఎవరిదీ కొమ్ము?"
"బొట్టుది. మా పుంగనూరావు.
నాలుగీతలు ఈనింది. పోయిన సమచ్చరం కాలం చేసింది."
ఆవు పేరుకు ఫారంలో గడి లేదు.
మార్జిన్లో రాసుకున్నాను.

తొట్టెడు నీళ్ళలో పిడికెడు కలిపి
గంటసేపు తిప్పాలి.
కుడికి సుడి తిరిగాక
ఎడమకు విరగ్గొట్టాలి, మళ్ళీ సుడి.
"ఇది కనిపెట్టింది యాడో తెల్లోళ్ళంట.
మా యత్త యినకుండానే పోయె.
యినుంటే, చందమామను జూసి ఇత్తనం ఎయ్యడం
వాళ్ళు నేర్పించాల్నా అని
నన్నే తిట్టుండు."

గోడకు వెంకన్న పటం,
పక్కన అదే సైజు ఫ్రేములో ఎక్సైజు లైసెన్సు.
రెండింటికీ సాంబ్రాణి పొగ.

కొట్టంలో మూడు పీపాలు.
నేను తిరుపతివాణ్ణి, ముట్టనన్నాను.
"తాగొద్దులే. నాలిక్కి తగిలించు."
గరిటెతో నా చేతిలో మూడు చుక్కలు.
పులుపు, వగరు, చివర
నేరేడు గింజ కొరికినట్టు చిన్న చేదు.
మింగిన చెయ్యి దానంతటదే
తల మీదికి పోయింది,
తీర్థం తుడుచుకున్నట్టు.
ఆమె చూసింది.
నేను టేపు వెతుక్కున్నాను.

తూర్పు గట్టు అవతల దొరసామి టమాటా.
వీపున పంపు, ముక్కుకు తువ్వాలు,
చేతులకు ఏమీ లేవు.
కొలిచాను. ఏడు మీటర్లు.
నిబంధనకు సరిపోయింది.
గాలి మాత్రం ఆ పొద్దు తూర్పు నుంచి వీచింది.

ఇరవై రోజులకు ల్యాబు కాగితం.
తూర్పు వరసలు రెండింట, ఆకుల్లో మందు.
చుక్క తర్వాత రెండు సున్నాలు, ఆపైన ఒక నాలుగు.
ఆ నాలుగు
మూడేళ్ళ చాకిరీని మింగుతుంది.

ఫోన్ చేశాను.
అటువైపు చాలాసేపు
నీళ్ళు తిరుగుతున్న చప్పుడు.
"దొరసామికి చెప్పొద్దు సామీ.
కిలో రెండ్రూపాయలంటే
మదనపల్లె మార్కెట్టు గేటుకాడ పారబోసొచ్చినాడు.
మందు కొట్టకుంటే ఆ రెండూ రావు.
పోయిన్నెల ఏనుగులొచ్చి పదకొండు కూసాలు ఇరగదొక్కె,
వాటికంటే దొరసామి మేలు గదా.
గాలికి గట్టు ఎవురెయ్యగలరు?"

మరి ఆ రెండు వరసలు?
"యేరేగా కోస్తా. యేరే పీపాలో పోస్తా.
దాని మీద ఏం పేరు రాయాలో నువ్వే చెప్పు."

చెప్పలేకపోయాను.
పద్నాలుగో పేజీలో రాయాల్సింది రాశాను,
ఉన్నదే రాశాను. సంతకం పెట్టాను.
తిరుపతి ఆఫీసులో పైఅధికారి
కళ్ళద్దాలు పైకి నెట్టి అడిగాడు:
"మూడో పేజీ పక్కన ఈ బొట్టేమిటి?"
"ఆవండీ."
"కొట్టెయ్."

పెన్ను తీశాను.
క్యాప్ బిగించి
మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.